పగడపు ఉంగరమూ, ఇరవై నాలుగు బిట్ల జాజ్

మా బావమరిది వేలికి పగడపు ఉంగరం ఉంది. కుజదోషానికి విరుగుడని ఎవరో జ్యోతిష్కుడు చెబితే 18 వేలు పోసి చేయించుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఆ ఉంగరం మీద నేను నాలుగు మాటలు అనడం, అతను నవ్వి ఊరుకోవడం మామూలే. పోయిన సంక్రాంతికి మాత్రం ఊరుకోలేదు. నా గదిలో కొత్తగా చేరిన డాక్ పెట్టెనీ, హెడ్‌ఫోన్లనీ చూసి ధర అడిగాడు. రెండూ కలిపి 46 వేలని చెప్పాను.

"దీంతో ఏమిటి లాభం బావగారూ?"

"హై రిజల్యూషన్ ఫైళ్ళు దీంట్లో వినాలి. సీడీ కంటే చాలా బాగుంటుంది."

"తేడా మీకు తెలుస్తోందా?"

"స్పష్టంగా."

"నాకూ అంతే. ఉంగరం పెట్టుకున్నప్పట్నుంచీ తేడా స్పష్టంగా తెలుస్తోంది."

జవాబు చెప్పలేకపోయాను. ముప్పై నాలుగేళ్లు రక్షణ శాఖ లెక్కలు చూసినవాణ్ణి. వోచరు లేని పద్దుని ఒక్కనాడూ ఒప్పుకున్నవాణ్ణి కాదు. నా 46 వేల పద్దుకి వోచరేదీ?

జాజ్ వైపు నన్ను లాగింది పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. 'రిమెంబర్ శక్తి' బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల పక్కన కూర్చుని ఆయన వాయించిన రికార్డులు విన్నాక వెనక్కి నడిచాను. 1970ల నాటి శక్తి, మహావిష్ణు ఆర్కెస్ట్రా, అక్కణ్ణుంచి మైల్స్ డేవిస్. (శ్రీనివాస్ 2014లో, జాకిర్ 2024లో పోయారు. ఆ జంట ఇక రికార్డుల్లోనే.) రిటైరయ్యాక తీరిక దొరికింది, తీరికతో పాటు పిచ్చీ పట్టింది. ఉన్న సీడీలనే మళ్ళీ 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని రాసి ఉన్న ఫైళ్ళుగా కొనడం మొదలుపెట్టాను.

బావమరిది వెళ్ళిన మర్నాడే పరీక్షకి కూర్చున్నాను. ఒక హై రిజల్యూషన్ ఫైలు తీసుకుని, దాన్నే కంప్యూటర్లో సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించాను. దుకాణంలో దొరికే సీడీతో పోల్చకూడదు, ఎందుకో తర్వాత చెబుతాను. రెంటి శబ్దమూ ఒకే స్థాయిలో ఉండాలి. కొంచెం గట్టిగా వినిపించేదే 'బాగున్నట్టు' అనిపించడం మన చెవికున్న బలహీనత. ఫూబార్2000 అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఇందుకో పరికరం ఉంది. ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది, మనం పోల్చుకోవాలి. 16 సార్లు అడుగుతుంది. ఊరికే ఊహించి చెప్పేవాడికి 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోయే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు. కాబట్టి 12 వస్తే నాకు తేడా వినిపిస్తున్నట్టే.

నాకు 7 వచ్చాయి. అలసిపోయానేమోనని మర్నాడు మళ్ళీ చేస్తే 9.

ఇందులో వింతేమీ లేదని లెక్క వేసుకుంటే తెలిసింది. సెకనుకి 44,100 నమూనాలు తీస్తే అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనిని తిరిగి నిర్మించవచ్చు. ప్రకటనల్లో మెట్లు మెట్లుగా గీసి చూపే బొమ్మ అబద్ధం, డాక్ నుంచి బయటికొచ్చేది నున్నటి తరంగమే. మనిషి చెవి మంచి వయసులో 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. నా చెవులకి 11 దాటాక అంతా నిశ్శబ్దం. మైల్స్ మ్యూట్ పెట్టి ఊదిన ట్రంపెట్‌లోనూ, సింబల్స్‌లోనూ 20 దాటిన ధ్వని ఉన్నమాట నిజమే, గబ్బిలాలకి పనికొస్తుంది. ఇక బిట్లు చెప్పేది ధ్వని అడుగున ఉండే రొద ఎంత తక్కువన్నది. సీడీ 16 బిట్లకి 96 డెసిబెళ్ళ వెడల్పు ఉంది. 1959 నాటి టేపుకి మహా అయితే 70. మిగిలిన బిట్లన్నీ టేపు బుసని భద్రంగా నమోదు చేస్తాయి. కాకిలెక్కలో వచ్చిన మొత్తాన్ని పైసల దాకా రాసినట్టు. అందుకు ఫైలు మాత్రం ఆరున్నర రెట్లు.

నా ఒక్కడి చెవులతో తీర్పు చెప్పకూడదు కదా. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన పరీక్షల్లో 554 సార్లకి 276 సార్లు సరైన జవాబు వచ్చింది. నాణెం ఎగరేసినా అంతే. ఎదుటి పక్షానికీ ఒక కాగితం ఉంది, దాచను. 2016లో రైస్ అనే పరిశోధకుడు 18 అధ్యయనాలని కలిపి చూస్తే 52.3 శాతం తేలింది, శిక్షణ పొందినవారిలో 60 దాకా. అంటే ఏదో కాస్త ఉండవచ్చు. కానీ 'తెర తీసినట్టు' ఉంటుందని రాసే సమీక్షకుడికీ ఆ 52.3కీ చుట్టరికం లేదు.

2022లో బయటపడ్డ కథ ఇంకా రుచికరం. మైల్స్ డేవిస్ రికార్డులు కూడా అచ్చువేసే మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో ఒక డిజిటల్ మెట్టు ఉందని తేలింది. అసలైన అనలాగ్ మాధుర్యమని ఏళ్ల తరబడి వాటిని పొగిడిన బంగారు చెవులవాళ్ళలో ఎవరికీ అది వినిపించలేదు. సంగతి కోర్టు దాకా వెళ్ళింది.

మరి కొత్త ఆల్బమ్ బాగుందనిపించడం భ్రమేనా? అన్నిసార్లూ కాదు. 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతి చూడండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేసినప్పుడు టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. అందుకని ఎల్పీ మొదటి వైపున్న మూడు పాటలూ అసలు శ్రుతి కంటే పైన మోగాయి. 1992లో సరైన వేగంతో నడిచిన రెండో టేపు నుంచి తీసి సవరించారు. ముప్పై మూడేళ్ల తప్పు! అది వేగం తప్పు, ఏ బిట్లతోనూ పోయేది కాదు, పాత సీడీతోనే సరిపోయింది. మంచి టేపు వెతికి, శ్రద్ధగా మాస్టరింగ్ చేస్తే తేడా ఖాయంగా వినిపిస్తుంది. మేయర్, మోరాన్‌లు కూడా ఖరీదైన డిస్కులు చాలావరకు బాగానే ఉన్నాయన్నారు, ఆ మంచితనం సీడీ స్థాయికి దించినా పోలేదు. అందుకే దుకాణం సీడీతో పోల్చవద్దన్నది. అక్కడ మనం పోల్చేది బిట్లని కాదు, మాస్టరింగ్ చేసిన మనుషులని.

స్టూడియోలో రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు కావాలి, కాదనను. కూడికలూ తీసివేతలూ జరిగే చోట చిత్తు కాగితం పెద్దదిగా ఉండాలి. నాకు అమ్మాల్సింది మాత్రం ఆ చిత్తు కాగితం కాదు.

ఫలితం బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే పెట్టె అమ్మేస్తున్నారా?" అన్నాడు. సగం ధర కూడా రాదని కనుక్కున్నాను, ఇంకా అలమరలోనే ఉంది. హెడ్‌ఫోన్లు నిజంగానే బాగున్నాయి, వాటిని వదలను. మళ్ళీ ఫైళ్ళు మాత్రం కొనలేదు. "ఉంగరానికీ ఒక పరీక్ష పెడదాం, అచ్చం అలాంటి గాజురాయిది చేయిస్తాను, ఏది ఏ నెల పెట్టుకున్నావో నీకు తెలియనివ్వను" అన్నాను. అక్కయ్యని అడిగి చెబుతానన్నాడు. అక్కయ్య అంటే నా భార్యే. ఆవిడ ఇంతవరకూ నాతో ఆ మాట ఎత్తలేదు.