సింగపూరు చూపించడమంటే టికెట్లు కొనడమేనా?



మొన్న ఒక పెండ్లిలో దగ్గరి బంధువొకరు నన్ను నలుగురిలో నిలదీశారు. "మాష్టారూ, మనుమలను సింగపూరు దాకా తీసుకువెళ్లి యూనివర్సల్ స్టూడియోస్ చూపించకుండా తిరిగివచ్చారట! అంతదూరం వెళ్లి లోభిస్తే ఎలాగండీ?" అన్నారు. పంక్తిలోనివారందరూ నవ్వారు. విస్తరి ముందు వాదం పెట్టుకోవడం మర్యాద కాదని ఊరకున్నాను. ఆ బాకీ ఈ టపాలో తీర్చుకుంటున్నాను.

లెక్క చూచుకున్నమాట నిజమే. పింఛను మీద బ్రతికేవాడిని. ఆ వినోదశాలకు మా నలుగురి టికెట్ల సొమ్ము మా వారం రోజుల బస్సు, రైలు ఖర్చును మించిపోయేది. బస మా తమ్ముని కుమారుని ఇంట గనుక గడిచింది. అక్కడ అయినవారు లేనివారికి బస భారమేనని దాచను. కాని లెక్క వేరు, లోభం వేరు. లోభి పిల్లల కడుపు మాడుస్తాడు. మేము టెక్కా సెంటర్ వంటి సామాన్యుల భోజనశాలలలో తృప్తిగా తిన్నాము. తిన్న పళ్లెం తామే తీసుకుపోయి నిర్ణీత స్థలంలో పెట్టాలన్న నియమం అక్కడ ఉన్నది. 2021 నుంచి దానిని గట్టిగా అమలుచేస్తున్నారు. ఇంట్లో కంచం కదపని మా ఆరేళ్లవాడు అక్కడ పళ్లెం మోయడానికి అక్కతో పోట్లాడాడు. ఏ వినోదశాలవారు అమ్ముతారండీ ఈ విద్యను?

ఇక ప్యాకేజీ యాత్రల సంగతి. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. తెల్లవారకుండా లేపడం, బస్సులో కుక్కడం, మెర్లయన్ ముందు నిలబెట్టి ఫొటో తీయడం. అట్లా వెళ్లివచ్చిన పిల్లవాడొకణ్ణి ఏమి చూచావురా అని అడిగితే, హోటలు గదిలోని స్నానపు తొట్టెను వర్ణించాడు. తప్పు వాడిది కాదు. వాడికి తీరికగా నిలిచి చూడనిచ్చింది అదొక్కటే.

అక్కడి బొటానిక్ గార్డెన్స్ 1859లో ఏర్పడినది. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. తోట చూడడానికి రుసుము లేదు. లోపలి ఆర్కిడ్ల తోటకు మాత్రమే ఉన్నది. దక్షిణ అమెరికా రబ్బరు మొక్కలు 1877లో లండన్ సమీపంలోని క్యూ తోట నుంచి ఇక్కడికి వచ్చాయి. ఈ తోటకు అధిపతిగా పనిచేసిన రిడ్లీ అనే ఆంగ్లేయుడు చెట్టును చంపకుండా మరలమరల పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. మనుమరాలు తన పెన్సిలు పెట్టెలోని రబ్బరును తీసి అటూయిటూ త్రిప్పి చూచుకున్నది. ముప్పదియేళ్లు పాఠాలు చెప్పినవాడిని, ఆ చూపు విలువ నాకు తెలుసు. ఆ తోటలోనే జేకబ్ బల్లాస్ పేరిట బాలల ఉద్యానం ఒకటి ఉన్నది. 14 ఏళ్లలోపు పిల్లలు వెంట లేని పెద్దలను లోపలికి రానివ్వరు. నన్ను లోపలికి తీసుకువెళ్లినది తానేనని మనుమడు ఈనాటికీ చెప్పుకుంటాడు.

నా తప్పు కూడా చెప్పాలి. మొదటిరోజు నాలుగు స్టేషన్ల దూరమే కదా అని మధ్యాహ్నపుటెండలో పిల్లలను నడిపించాను. భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ ఎడంలోని ఊరది. చిన్నవాడికి తల తిరిగింది. అది పొదుపు కాదు, మూర్ఖత్వం. మరునాటినుంచి ఉదయాలూ సాయంకాలాలే తిరిగాము. మధ్యాహ్నం రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటే మా విహారస్థలం. అక్కడ దూరాన్ని బట్టి రుసుము. నిర్ణీత వ్యవధిలో బస్సు దిగి రైలెక్కినా ఒకే ప్రయాణంగా లెక్కిస్తారు. ఒక మీటరులో పదోవంతు తగ్గించి, ఆ ఎత్తు మించని పిల్లలు పెద్దల వెంట ఉచితంగా ప్రయాణించవచ్చు. మావాడు దానిని దాటిపోయాడు. దాటినందుకు నొచ్చుకున్నాడు కూడా!

మరీనా బరాజ్ మాట చెప్పకుండా ముగించలేను. 2008లో ప్రారంభమైన ఆ ఆనకట్ట సముద్రపు నీటిని బయట నిలిపి, లోపల మంచినీటిని నిలుపుతుంది. తొమ్మిది గేట్లు. వాన ముంచెత్తినప్పుడు సముద్రం పోటు లేకుండా ఉంటే గేట్లు దించి నీరు వదులుతారు. పోటు మీద ఉంటే ఏడు పెద్ద పంపులతో తోడి సముద్రంలో పోస్తారు. పైకప్పు మీద పచ్చిక. సాయంకాలం ఊరివారు పిల్లలతో వచ్చి గాలిపటాలు ఎగరవేస్తారు. టికెట్టు లేదు. మేము అక్కడ చీకటి పడేదాకా కూర్చున్నాము.

మన బడులవారు నేడు వాటర్ పార్కుకు తీసుకుపోయి దానికి 'విజ్ఞానయాత్ర' అని పేరు పెడుతున్నారు. మా బంధువుగారి కోపం నా మీద గాక ఆ పేరు మీద ఉండవలసింది.

తిరిగివచ్చిన తరువాత బెజవాడలో ప్రకాశం బరాజ్ మీదుగా వెళ్తుంటే మనుమరాలు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. డెబ్బైలో సగం కాకముందే లెక్క తప్పింది. "తాతయ్యా, ఇక్కడ పంపులేవీ?" అన్నది. సముద్రం ఇక్కడికి చాలా దూరమమ్మా, పోటు ఇంతవరకు రాదు అన్నాను. "అయితే వరద వస్తే అన్నీ ఎత్తేస్తారా?" అని అడిగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది.