మృగముల మరణమును ప్రశ్నించు విద్య

మన పాఠశాల విడిచి పైచదువులకు పోవు బాలబాలికలలో జీవశాస్త్రము నెన్నుకొనువారిని "మీ రేమి కాదలచితిరి?" అని యడిగినచో పెక్కుమంది "డాక్టరు" అని యుత్తర మిత్తురు. ఆ డాక్టరు మనుష్యుల డాక్టరే యని వేఱుగ చెప్ప నక్కఱలేదు. పశువైద్య మన్నంతనే ముఖము చిట్లించు తలిదండ్రులును, అందు చేరినవానిని "గొడ్ల డాక్టరు" అని పరిహసించు చుట్టములును మన గ్రామములలో నింకను గలరు. ఈ తలంపు తగదనియు, పశువైద్యములో రెండు శాఖలు, అనగా అడవిమృగముల యారోగ్యరక్షణమును, చచ్చిన జంతువునందు మరణకారణమును వెదకు వ్యాధివిజ్ఞానమును, మన విద్యార్థుల దృష్టికి ముఖ్యముగ రావలసియున్నవనియు మా యభిప్రాయము.

ఈ పని యెట్టిదో ముందుగా తెలిసికొందము. ఒక పులియో, నెమలియో, ఆవో చచ్చిపడినప్పుడు వైద్యుడు దాని కళేబరమును కోసి, గుండె, ఊపిరితిత్తులు, కాలేయము, మూత్రపిండములు, మెదడు మున్నగు నవయవములను వరుసగా పరీక్షించి, కంటి కగపడినదెల్ల వ్రాసికొనును. పిమ్మట నొక్కొక్క యవయవమునుండి చిన్నముక్కను తీసి, దానికి పదింతల ఫార్మలిను ద్రవములో నుంచును. విషమును, సూక్ష్మజీవులను కనిపెట్టుటకై వేఱు ముక్కలను ఫార్మలిను తగులనీయక మంచులో పెట్టి పంపును. ఫార్మలినులో గట్టిపడిన ముక్కను మైనములో పోతపోసి, మిల్లీమీటరులో 200వ వంతు మందముగల పొరలుగా తఱిగి, రంగు లద్ది, సూక్ష్మదర్శినిక్రింద చూతురు. మన యెండలలో కళేబరము కొన్ని గంటలకే చెడును గనుక ఆలస్యమైనచో సాక్ష్యము నశించును. ఇది రోతపని యని కొంద ఱనవచ్చును. కాని బ్రదికియున్న మందను కాపాడవలెనన్న చచ్చిన యొక్కదానిని ప్రశ్నింపక తప్పదు.

రాబందుల కథయే యిందులకు నిదర్శనము. మనదేశమున 1992 మొదలు 2007 వఱకు తెల్లవీపు రాబందులు ఇంచుమించుగా 1000కి 999 వంతున నశించినవి. అంటువ్యాధి యేదో వచ్చియుండునని పలువు రూహించిరి. పాకిస్థానమున చచ్చిన పక్షులను కోసిచూచిన లిండ్సే ఓక్సును, ఆయన సహచరులును, వాని యవయవములపై సున్నము పూసినట్లు తెల్లని యూరికామ్లము పేరుకొనియుండుట గాంచి, మూత్రపిండములు చెడినవని గ్రహించిరి. పశువుల నొప్పులకై వాడు డైక్లోఫెనాకు అను మందే, ఆ పశువుల కళేబరములద్వారా రాబందులను చంపుచున్నదని 2004వ సంవత్సరమున వెల్లడించిరి. 2006లో మన ప్రభుత్వ మా మందును పశువులకు వాడరాదని నిషేధించెను. సూక్ష్మదర్శినియు, కత్తియు, ఓపికయు లేకున్నచో ఆ నిషేధమునకు ఆధారమే దొరకకుండెడిది.

ఇట్టి విద్య మృగములకు మాత్రమే యుపకరించునని తలంపరాదు. 1999లో న్యూయార్కు నగరమున కొందఱు మెదడువాపుతో మంచముపట్టుచుండగా, అదే సమయమున కాకులును రాలుచుండెను. అచ్చటి బ్రాంక్సు జంతుప్రదర్శనశాలలో పశువ్యాధివిజ్ఞానియైన ట్రేసీ మెక్‌నమారా చచ్చిన పక్షుల మెదళ్లను పరీక్షించి, మనుష్యుల వైద్యులు నిర్ణయించిన వ్యాధి పేరు సరిపడదని పట్టుబట్టెను. తుదకది యమెరికాఖండమున నంతకుముందు కానరాని వెస్టునైలు వైరసని తేలెను. మన పొరుగుననే, శివమొగ్గ సీమలోని క్యాసనూరు అడవిలో 1957న కోతులు చచ్చుటయు, మనుష్యులు జ్వరపడుటయు జంటగా కనబడెను. పిడుదులు వ్యాపింపజేయు క్రొత్త వైరస్ యొకటి యట్లు బయటపడెను. 2018లో గిరి యడవులలో కొలది వారములలోనే యిరువదికి పైగా సింహములు చావగా, వానిలో కుక్కలకు వచ్చు డిస్టెంపరు వైరస్ కనబడెను. 2021లో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయందు 8 సింహములకు కోవిడు సోకెను. మనిషి, పశువు, మృగము అను నెల్లలు వ్యాధులకు తెలియవు.

ఇక దారి యెట్టిది? ఇంటర్మీడియట్టులో జీవ, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి ప్రవేశపరీక్షలో నెగ్గినవారు పశువైద్యపట్టమునకు చేరవచ్చును. ఒక యేటి యభ్యాసముతో గలిపి యది యైదున్నర యేండ్ల చదువు. ఆంధ్రప్రదేశమున తిరుపతి, గన్నవరము, ప్రొద్దుటూరు, గరివిడియందును, తెలంగాణమున రాజేంద్రనగరు, కోరుట్ల, మామునూరునందును కళాశాలలు గలవు. ఆ పైని రెండేండ్లు వ్యాధివిజ్ఞానమున విశేషవిద్య నభ్యసింపవచ్చును. 1889లో పూనాయందు పుట్టి, యిప్పు డిజ్జత్‌నగరున వెలయు భారత పశువైద్య పరిశోధనసంస్థయు, హైదరాబాదున సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాలయు, 1982లో స్థాపితమైన డెహ్రాడూను వన్యప్రాణిసంస్థయు పరిశోధకులకు చోటు లిచ్చుచున్నవి. క్రొత్తమందులను పరీక్షించు హైదరాబాదు కంపెనీలకును వ్యాధివిజ్ఞానులు కావలసియున్నారు. 2025 మార్చిలో జునాగఢునందు జాతీయ వన్యప్రాణి వ్యాధినిర్ణయ కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. విదేశములకు పోగలవారికి 1949లో నేర్పడిన యమెరికా పశువ్యాధివిజ్ఞానుల కళాశాల పరీక్షయు, 1951లో వెలసిన వన్యప్రాణి వ్యాధిసంఘమును త్రోవ చూపును.

"ఇన్ని చెప్పితిరి గాని ఉద్యోగము లెన్ని?" అని తండ్రు లడుగుట న్యాయమే. అడవిశాఖలో పశువైద్యులకు స్థిరమైన యుద్యోగములు తక్కువ; తొలి సంవత్సరములలో దొరకునవి పెక్కు కాలపరిమితిగల పనులే. అభ్యాసకాలమున నిచ్చు భృతి చాలదని పశువైద్యవిద్యార్థులు పలుమాఱులు మొఱపెట్టుకొనిరి. ఈ కష్టమును దాచి పిల్లలను పంపుట ధర్మము కాదు. అయితే యిది విద్యయొక్క దోషము గాదు, దానిని పోషింపవలసినవారి యలక్ష్యము. సింహము చచ్చిన పిమ్మట నిపుణులకై దూరదేశములకు ముక్కలు పంపుటకంటె, ప్రతి పులుల యభయారణ్యమునందును, ప్రతి పెద్ద జంతుప్రదర్శనశాలయందును క్రొత్తగా పట్టము పొందిన యొకరిద్దఱిని తగు జీతముతో నొక యేడు శిక్షణకు నిలుపుట లాభము. మనుష్యుల వైద్యము నేర్చువారికిచ్చు భృతి వీరికిని ఈయవలెను. ధనవంతుల బిడ్డలే జీతము లేక పని నేర్వగలరు. పేదవాని బిడ్డ యెంత చురుకైనదైనను గడపయొద్దనే యాగిపోవును. మన పాఠశాలలో చదువువా రెట్టి యిండ్లనుండి వచ్చుచున్నారో యెఱిగినవారమగుట చేత నీ మాట గట్టిగా చెప్పుచున్నాము.

విద్యార్థులారా, కళాశాలవఱకు కాచియుండ నక్కఱలేదు. ఒక చిన్నపుస్తకము నుంచుకొని, మీ యూర పక్షులుగాని జంతువులుగాని చచ్చి కనబడినప్పుడు తేదీ, చోటు, జాతి, లెక్క వ్రాయుడు. కళేబరమును ముట్టవలదు; 1972నాటి వన్యప్రాణిరక్షణ చట్టము ప్రకారము చచ్చిన యడవిమృగమును ప్రభుత్వపు సొత్తే; వ్యాధిభయమును గలదు. అడవిశాఖవారికో, పశువులాసుపత్రికో వార్త పంపుడు. సెలవులలో నా యాసుపత్రి డాక్టరుగారి యనుమతి వేడి, వారి పనిని చూడుడు. ఆ వాసనకు జంకక, "ఇది యేల చచ్చెను?" అను ప్రశ్న మీ మనసును వదలనిచో, ఈ విద్య మీకు తగినదని నిశ్చయించుకొనవచ్చును. అట్టి బిడ్డ నింటివారు పరిహసింపక పంపుదురుగాక యని కోరుచున్నాము.