ఫార్ములా వచ్చు.. క్లచ్ రాదు!

బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌లో ఉండగా మా బాబాయ్ లారీకి క్లచ్ జారడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, లోడు మీద బండి మాత్రం ఎత్తు ఎక్కట్లేదు. ‘‘ఏ ప్లేట్ వేయించాలో నువ్వే చెప్పరా’’ అన్నాడు. పది నిమిషాలు ఫోన్‌లో వెతికి ‘‘సిరామిక్ వేయించు బాబాయ్, గట్టిది’’ అనేశా.

విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ దించిన మేస్త్రి పాత ప్లేట్ నా చేతిలో పెట్టి ‘‘ఏం కనపడుతోంది బాబూ?’’ అన్నాడు. ప్లేట్ పెద్దగా అరగలేదు, నిండా ఆయిల్ మరకలు. ఇంజిన్ వెనకున్న క్రాంక్ ఆయిల్ సీల్ లీకవుతోంది. అది మార్చకుండా ఎంత ఖరీదైన ప్లేట్ వేసినా మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే. బండి ఆగితే కిరాయి పోతుంది, ఈఎంఐ ఆగదు కదా!

నాకు సిగ్గేసింది. ఘర్షణ గుణకం, స్ప్రింగుల బలం, సగటు వ్యాసార్థం, రాపిడి ముఖాల సంఖ్య.. ఇవన్నీ గుణిస్తే క్లచ్ మోసే టార్క్ వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా. ఆయిల్ తగిలితే ఘర్షణ గుణకం పడిపోతుందనీ తెలుసు. ఆ గుణకమే నా చేతికి అంటుకుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయా.

మిగతాది మేస్త్రి నేర్పాడు. కొత్త క్లచ్ మోసే టార్క్ ఇంజిన్ గరిష్ఠ టార్క్ కంటే ఎక్కువ ఉండాలి. 380, 395, 430 మిల్లీమీటర్లు.. సైజు సరిపోయినా స్ప్లైన్ల లెక్క తేడా వస్తే షాఫ్ట్ మీదికి ఎక్కదు. సిరామిక్ వేడిని బాగా తట్టుకుంటుంది కానీ పట్టు గట్టిగా, ఒక్కసారిగా పడుతుంది. ఊళ్లలో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఆర్గానిక్ మెత్తగా పనిచేస్తుంది. ఫ్లైవీల్ మీద వేడికి పగుళ్లు, నీలి మచ్చలు ఉన్నాయేమో చూడాలి. గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కాబట్టి ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్చేయడం మేలు.

‘మేం సాఫ్ట్‌వేర్‌కి వెళ్తాం, లారీల గొడవ మాకెందుకు?’ అంటారేమో. నేనూ ఇప్పుడు కోడ్ రాసుకునే బతుకుతున్నా. ఎర్రర్ రాగానే దొరికిన కోడ్ అతికించేయడం, క్లచ్ జారగానే సిరామిక్ అనేయడం.. రెండూ ఒకే తప్పు. ఏది పాడైందో కాదు, ఎందుకు పాడైందో ముందు తేల్చాలి. ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది ఆ ‘ఎందుకు’ దగ్గరే.

అందుకే నా మాట ఒక్కటే. డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనే ముందు ఒక్క శనివారం మీ ఊరి మెకానిక్ షెడ్డుకు వెళ్లండి. పాడైన పార్టు ఒకటి అడిగి తీసుకుని, అది ఎందుకు పోయిందో ఒక పేజీ రాయండి. ఇంటర్వ్యూలో ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’ అన్నప్పుడు ఆ పేజీ మీకు బట్టీ పట్టకుండానే గుర్తొస్తుంది.