ఫోన్‌ని తిట్టని కవిత ఒక్కటైనా

మన క్లబ్ గ్రూపులో ఈ సెమిస్టర్ వచ్చిన కవితల్లో ఫోన్ మీద ఏడు ఉన్నాయి. ఏడింటిలోనూ ఫోనే ముద్దాయి. అరచేతిలో చెరసాల, ఒకే ఇంట్లో నాలుగు తెరలు, మాటల్ని మింగేసిన డబ్బా, టవర్ల వల్ల పోయిన పిచ్చుకలు. (పిచ్చుకలు తగ్గడానికి టవర్లే కారణమని గట్టిగా తేలలేదు. ఈసీఈ వాడిని కదా, చెప్పకుండా ఉండలేను.) ఏడూ ఫోన్‌లో టైప్ చేసినవే.

అందులో ఒకటి నాది. 'తల వంచిన తరం' అని పేరు. ఫెస్ట్‌లో బహుమతి కూడా వచ్చింది. ఆ ఊపులో చదివి, రికార్డ్ చేసి అమ్మకి పంపాను. "బాగుంది నాన్నా" అంది. కాసేపాగి, "అయితే నేను రోజూ రాత్రి చేస్తున్నా గదా, నీ చదువుకి అడ్డమా?" అని అడిగింది. నవ్వి దాటేశాను. మర్నాడు ఎనిమిదిన్నరకి ఫోన్ రాలేదు. నేనే చేశాను.

అప్పట్నుంచి ఆ కవిత చూస్తే ఇబ్బందిగా ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి మిడ్ పాడుచేసుకున్న మాట నిజమే. కానీ ఆ కవితలో మనుషులు లేరు. 'తరం' ఉంది, 'సమాజం' ఉంది, 'మానవ సంబంధాలు' ఉన్నాయి. గిన్నెలు కడిగి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, సిగ్నల్ కోసం డాబా ఎక్కే మా అమ్మ లేదు.

తిలక్ 'తపాలా బంట్రోతు' చదివారా? 'అమృతం కురిసిన రాత్రి'లో ఉంటుంది. ఆ రోజుల్లో ఉత్తరమే ఫోన్. ఆయన ఉత్తరాన్ని పొగుడుతూనో తిడుతూనో కూర్చోలేదు. ఊరందరి కబుర్లూ మోసే ఆ మనిషికీ ఓ బతుకుందని అటు తిరిగి చూశాడు. ఇంకా వెనక్కి వెళ్తే నలదమయంతులకి హంస, కాళిదాసు యక్షుడికి మేఘం. కబురు మోసేవాటిని మన కవులు ఎంతో ఆప్యాయంగా చూసుకున్నారు. మన వంతు వచ్చేసరికి బోనెక్కించాం.

"హంస నోటిఫికేషన్లు పంపదు, మేఘం రీల్స్ చూపించదు" అని మా రూమ్మేట్ వాదన. ఒప్పుకుంటాను. చూపు తిప్పుకోనివ్వకుండా యాప్‌లు డిజైన్ చేసేవాళ్ళు ఉన్నారు, రేపు మనలో కొందరం ఆ ఉద్యోగాలే చేస్తాం. దాని మీద ఎవరైనా కోపంగా రాస్తే ముందు నేనే చదువుతాను. 'ఫోన్ చెడ్డది' అనేదాంట్లో ఆ కోపం కూడా లేదు. ఎవరికీ తగలని తిట్టు అది.

రాయాలంటే ఎంత లేదు! రెండు శాతం చార్జింగ్‌తో హాస్టల్ గేటు వెతుక్కుంటున్న డెలివరీ అన్న. కూతురి చెవులు కుట్టడం దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో చూసి, పాప ఏడుస్తుంటే కెమెరా పక్కకి తిప్పేసిన నాన్న. బ్యాక్‌లాగ్ పడిందని చెప్పలేక టైప్ చేసి, చెరిపేసి, మళ్ళీ టైప్ చేసిన మెసేజ్. అవతల ఇంట్లో వాళ్ళకి 'టైపింగ్' అని కనపడుతూనే ఉంటుంది.

వచ్చే సంచికకి ఫోన్ మీద రాసేవాళ్ళు 'తరం' అన్న మాట వాడకుండా రాసి చూడండి. నాది తీసేయమని ఎడిటర్‌కి చెప్పేశాను. కొత్తది నాలుగు లైన్ల దగ్గర ఆగింది. మా డాబాకి మెట్లు ఎన్నో గుర్తు రావట్లేదు, రాత్రికి అమ్మని అడగాలి.