ఎడమకాలి పోటీలు

పోయిన నెల మా ఆఫీసులో టీం లీడ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి రెండు రోజులు నాయకత్వ శిక్షణ ఇచ్చారు. నాకూ తప్పలేదు. భోజనాలయ్యాక, సరిగ్గా కునుకు ముంచుకొచ్చే వేళకి, మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ మీద ఇరవై స్లయిడ్లు. గొప్పవాడే, కాదనను. పాతికేళ్ళకి పైగా ఒకే క్లబ్బులో ఉండి 13 సార్లు లీగ్ గెలిపించడం మాటలు కాదు. కానీ మేం కూర్చున్నది హైదరాబాదులో. ఈ ఊరి బడిపంతులు ఒకాయన భారత ఫుట్‌బాల్ జట్టుని రెండుసార్లు ఆసియా క్రీడల్లో గెలిపించాడని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా నాకూ తెలీదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. దేశం జట్టుకి కోచ్‌గా 1951లో ఢిల్లీలో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్ళీ స్వర్ణం. మధ్యలో 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిన రోజు కూడా ఉంది. అప్పుడు మనవాళ్ళలో చాలామంది ఆడింది వట్టి కాళ్ళతో. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఒలింపిక్స్ సెమీస్‌లో ఉన్నాం.

నన్ను పట్టేసింది మాత్రం ఈ కప్పులు కాదు. ఆయన కుర్రాళ్ళకి పెట్టిన వింత పోటీలు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో బలమైన కాలు వాడకూడదు, కుడికాలివాడు ఎడమకాలితోనే తన్నాలి.

ఇది చదివినప్పుడు నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మా ఆఫీసులో డ్రిబ్లింగ్ ఆటగాణ్ణి నేనే. అర్ధరాత్రి లేచి ఒక్కణ్ణే బగ్గు సరిచేసి, తెల్లారేసరికి అందరికీ మెయిల్ కొట్టడం. పైవాళ్ళ మెచ్చుకోళ్ళు, ఏడాది చివర మంచి రేటింగు. బిల్లింగ్ మాడ్యూల్ జోలికి ఎవర్నీ రానిచ్చేవాణ్ణి కాదు, 'మీకెందుకు, నేను చూస్కుంటాలే' అని. అదే నాయకత్వం అనుకున్నాను. కిందటేడు మా టీంలో చురుకైన అమ్మాయి రాజీనామా చేసింది. జీతం కోసమేమో అనుకుని అడిగాను. "కష్టమైనవన్నీ మీరే చేసేసుకుంటారు కదా, ఇక్కడ నేను నేర్చుకునేదేముంది?" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పటికీ తోచట్లేదు.

జకార్తా సంగతీ చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని సెమీస్‌లోనూ ఫైనల్లోనూ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్లో అదే కొరియా మీద మనం 2-1తో గెలిస్తే, అందులో ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. గుడ్డి ధైర్యం అనుకుంటే పొరపాటే. ఎవడు ఏ పని చెయ్యగలడో ఏళ్ళ తరబడి గమనించినవాడికే అలాంటి నిర్ణయం సాధ్యం. మనమేమో ఒకసారి టెస్టింగ్‌లో చేరినవాణ్ణి ఎప్పటికీ టెస్టర్‌గానే చూస్తాం.

సరే, నేనూ ఎడమకాలి పోటీ పెట్టాను. మూడు నెలలు బిల్లింగ్ కోడ్ ముట్టనని ఒట్టేసుకుని ఇద్దరు కుర్రాళ్ళకి అప్పజెప్పాను. ఫలితం? రిలీజు రెండు వారాలు ఆలస్యమైంది. మా మేనేజరు చేత చీవాట్లు తిన్నాను. మొదటిసారి ఎడమకాలితో తన్నిన బంతి ఎటు పోతుందో నాకిప్పుడు బాగా తెలుసు! మూడో నెలలో మాత్రం ఒక రాత్రి సర్వరు పడిపోతే నన్ను లేపకుండానే సరిచేసుకున్నారు. సంతోషంతోపాటు, నిజం చెప్పొద్దూ, కాస్త కడుపుమంట కూడా కలిగింది.

అయితే రహీం కథలో ఆఖరి పేజీని మర్చిపోకూడదు. 1963 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు. 1970 బ్యాంకాక్ కాంస్యమే చివరి పతకం. ఆ మాటకొస్తే ఫెర్గూసన్ 2013లో లీగ్ గెలిచి దిగిపోతే, మరుసటి ఏడే ఆ జట్టు ఏడో స్థానానికి జారింది. వాళ్ళ తప్పని నేననను, వెనకున్న సంస్థలు చెయ్యాల్సిన పని అది. కానీ ఒకటి అర్థమైంది. ఆటగాళ్ళకి రెండు కాళ్ళూ నేర్పినంత మాత్రాన సరిపోదు, ఆ నేర్పే విద్య కూడా ఇంకొకరికి అంటాలి. ఆ పని నేనింకా మొదలుపెట్టనేలేదు.

వచ్చే నెల రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్తున్నా, ల్యాప్‌టాప్ లేకుండా. ఫోన్లో చెబితే అమ్మ నమ్మలేదు. నాకూ ఇంకా పూర్తిగా నమ్మకం కుదర్లేదు.