డిస్కుల కూటమి – ఆజ్ఞల భాష

కాగజ్‌నగర్ అన్న పేరులో ‘కాగజ్’ ఉర్దూ పలుకు, ‘నగర్’ సంస్కృత పదం. కాగితంతో ఈ ఊరి బ్రతుకు ఎంతగా ముడివడినదో, సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి ప్రారంభమయ్యే వరకు అందరం చూచినదే. అయితే నేడు మన విద్యార్థుల కథలు, గజళ్ళు, ఫొటోలు కాగితానికెక్కక ముందే కంప్యూటరు డిస్కులో చేరుతున్నవి. ఆ డిస్కు ఒక యంత్రం. ఏదో ఒకనాడు అది చెడిపోక తప్పదు.

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు దీనికొక మార్గం సూచించారు. ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చౌకైన చిన్న డిస్కులను కూటమిగా కట్టి, వాటిలో ఒకటి చెడినా సమాచారం నిలిచే ఏర్పాటు చేయవచ్చునన్నారు. దానికి ‘రెయిడ్’ అని పేరు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005లో వెలువరించిన ‘జెడ్ఎఫ్ఎస్’, అటువంటి కూటమిని కొద్దిపాటి ఆజ్ఞలతో నిర్వహించే వీలు కల్పించినది. నేడది లినక్సుపై ఉచితంగా లభిస్తున్నది.

ఇలా ఆజ్ఞలను టైపు చేసి పని జరిపించే పద్ధతే ‘కమాండ్ లైన్’. ఇది సైన్సు వారి వ్యవహారమని మన ఆర్ట్సు విద్యార్థులు దూరంగా ఉంటున్నారు. నా దృష్టిలో ఇది ముందుగా భాషకు సంబంధించిన విషయం. ‘అటాచ్’, ‘యాడ్’ అనే రెండింటినీ మనం ‘చేర్చు’ అనే అంటాము. ఒకే డిస్కు ఉన్న కూటమికి ‘జెడ్‌పూల్ అటాచ్’ అనే ఆజ్ఞతో రెండవ డిస్కును చేర్చితే, అది మొదటిదానికి ప్రతిబింబమవుతుంది. ఒకటి చెడినా రెండవది ఆదుకొంటుంది. ‘జెడ్‌పూల్ యాడ్’ అంటే స్థలం పెరుగుతుంది. కాని ఆ రెండింటిలో ఏది చెడినా కూటమి అంతా నశిస్తుంది. పర్యాయపదాల భేదం తెలియకుంటే పరీక్షలో ఒక మార్కు పోవచ్చును. ఇక్కడ గ్రంథాలయమే పోగలదు.

ప్రతిబింబం ఉన్నదని నిశ్చింతగా ఉండుట కూడ తగదు. పొరపాటున ఒక ఫైలును తుడిచివేస్తే అది రెండు డిస్కులలోను ఒక్కసారే మాయమవుతుంది. అగ్నిప్రమాదమైనా, దొంగతనమైనా రెండింటినీ కలిపే తీసుకొనిపోగలదు. కనుక మరొక ప్రతి వేరొక భవనంలో ఉండి తీరవలెను. నెలకొకసారి ‘జెడ్‌పూల్ స్క్రబ్’ ఆజ్ఞతో దాచిన సమాచారమంతా సరిచూచుకొని, ‘జెడ్‌పూల్ స్టేటస్’ చూపిన ఫలితాన్ని రిజిస్టరులో నమోదు చేయవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. మన పాత సంచికలన్నింటిని స్కాన్ చేయించి, రెండు డిస్కుల కూటమిలో భద్రపరచి, మూడవ డిస్కులో మరొక ప్రతిని వేరొక చోట ఉంచండి. ఉర్దూ, తెలుగు విభాగాల నుండి ఇద్దరేసి విద్యార్థులకు ఏటేటా ఈ ఆజ్ఞలలో శిక్షణ ఇప్పించండి. డిస్కులను ధనంతో కొనవచ్చును; వాటిని కనిపెట్టి ఉండుటకు తెలిసిన మనుషులు కావలెను.

ఒకరు నమ్మి అప్పగించిన సొత్తును ఉర్దూలో ‘అమానత్’ అంటారు. ఈ కళాశాలలో చదివిపోయిన వారి రచనలు మన చేతిలోని అమానత్. వాటిని రాబోయే వారికి చెక్కుచెదరకుండా అందించుట మన విధి.