పోలండు వీరుల సమాధులు

ఇటలీదేశమున రోమునుండి నేపుల్సునకు బోవు త్రోవలో మోంటె కసీనో యను కొండ గలదు. దాని శిఖరమున 6వ శతాబ్దమున బెనెడిక్టు మహాశయుడు స్థాపించిన క్రైస్తవ మఠమును, దానికి సమీపమున వాలుపై పోలండు సైనికుల శ్మశానవాటికయు నున్నవి. అందు వెయ్యికి పైగా సమాధులు మెట్లుమెట్లుగా నమర్పబడియున్నవి. 2024 మే 18వ తేదీన, కసీనో విజయమునకు ఎనుబదియేండ్లు నిండిన సందర్భమున, నాటి పోలండు అధ్యక్షుడు ఆంద్జెయ్ దూదా స్వయముగ నచటికేగి నివాళులర్పించెను. ఏ దేశమైనను తన మృతవీరుల నట్లు గౌరవించుట సహజమే గదా యని పాఠకులనవచ్చును. కాని యీ మృతవీరుల సేనానికి పౌరసత్వమునే తొలగించిన ప్రభుత్వము మరియొక దేశపుది గాదు, పోలండుదే!

ఈ సైనికులెవరు? 1939 సెప్టెంబరు 1న పడమటినుండి జర్మనీయు, 17న తూర్పునుండి సోవియెట్ రష్యాయు పోలండుపై బడి దానిని పంచుకొనినవి. తూర్పుభాగమునుండి లక్షలకొలది జనులను స్టాలిను ప్రభుత్వము సైబీరియాకును, కజకస్తానమునకును తరలించెను. 1941లో హిట్లరు రష్యాపై దండెత్తగా, ఆ జులై 30న కుదిరిన యొడంబడికచే ఖైదీలకు విముక్తి కలిగెను. మాస్కో కారాగారమునుండి వెలువడిన జనరల్ వ్లాదిస్లావ్ ఆండర్స్ వీరితో నొక సేనను గూర్చి, 1942లో ఇరానుకు దాటించెను. ఆ వెంట వచ్చిన స్త్రీలకును, అనాథబాలురకును మన దేశమే యాశ్రయమిచ్చెను. బాలాచడిలో జామ్‌నగరు సంస్థానాధీశుడు దిగ్విజయసింహజీ పెంచిన పిల్లలును, కొల్హాపురము చెంత వలివడెలో నివసించిన కుటుంబములును ఆ ప్రవాసమునకు జెందినవారే.

1944 జనవరినుండి కసీనోకడ యుద్ధము సాగెను. అమెరికనులు, న్యూజీలండువారు, మన 4వ భారత డివిజను ఒకరి వెనుక నొకరు ప్రయత్నించి వెనుదిరిగిరి. ఫిబ్రవరి 15న మిత్రపక్షముల విమానములు మఠమును నేలమట్టము గావింపగా, ఆ శిథిలములే జర్మనులకు కోటగోడలైనవి. మే 12న పోలిష్ సేన చేసిన ప్రథమప్రయత్నమును విఫలమయ్యెను. 17న మరల తలపడెను. 18వ తేదీ ఉదయమున వారి పతాక మా శిథిలములపై నెగిరెను. ఆ యుద్ధమున ఆండర్స్ సేనలో 923 మంది హతులైరి. 2,931 మంది గాయపడిరి. 345 మంది జాడ తెలియకపోయిరి. పోలండువా రొక్కరే కసీనోను గెలిచిరని కొందరు చెప్పుట అతిశయోక్తి. దక్షిణపు కొండలను ఫ్రెంచిసేనలును, లోయను బ్రిటిషుసేనలును ఛేదించుటచే జర్మనులు వెనుకకు దగ్గవలసివచ్చెను. అందుచే నా కొండనెక్కినవారి శౌర్యమునకు కొరత రాదు.

1945 ఫిబ్రవరిలో యాల్టాయందు ముగ్గురు పెద్దలు సమావేశమై, తూర్పు పోలండును రష్యాకు ధారవోసిరి. ఆండర్స్ సైనికులలో ననేకులకు ల్వూవ్, విల్నో ప్రాంతములే జన్మభూమి. తమ యిండ్లను మిత్రులే దానమిచ్చిరని యెరిగియు వారు ఏప్రిల్‌లో బొలోన్యావరకు పోరిరి. అంతియకాదు; కసీనో కొండపై మృతుల వాటికను నిర్మించి, 1945 సెప్టెంబరు 1న, అనగా పోలండుపై దండయాత్ర జరిగి సరిగ ఆరేండ్లు నిండిన దినమున, ప్రతిష్ఠ గావించిరి. దాని రూపకర్తలు హ్రినేవిచ్, స్కొలిమోవ్స్కి యనువారు. తమకు తిరిగిపోవ నిల్లు లేనివారు చచ్చిన సహచరులకు నిలువనీడ గట్టిరి. అందు కాథలిక్ శిలువలతోబాటు ఆర్థడాక్సు శిలువలును, యూదుల నక్షత్రములును గలవు. పోలండనగా నొక మతము, ఒక జాతి యని వాదించువారు ఆ వరుసల నొక్కసారి నడచి చూడవలెను.

తాము విశ్వాసముతో సేవించి నేలకొరిగితిమని పోలండుకు చెప్పుమని ఆ వాటికలోని శాసనము బాటసారిని వేడుచున్నది. ప్రాచీన గ్రీకుల థెర్మాపిలే శాసనము దీనికి మూలము. కాని స్పార్టా తన వీరుల వార్త వినుటకు సిద్ధముగ నుండెను. వార్సా కమ్యూనిస్టు ప్రభుత్వమునకు వినుట కిష్టము లేకపోయెను. 1946లో ఆండర్స్ పౌరసత్వము రద్దయ్యెను. కసీనో గసగసాల పూలపై ఆ యుద్ధరాత్రియందే పుట్టిన గీతము స్టాలిను కాలమున నిషిద్ధమయ్యెను. వేలకొలది సైనికులు బ్రిటనులో ప్రవాసులై స్థిరపడిరి. 1970 మే 12న, ఆ మొదటి దాడి జరిగిన తేదీనే, ఆండర్స్ లండనులో మరణించి, తన కోరికప్రకారము కసీనోలో సైనికులనడుమ సమాధిగతుడయ్యెను. 1979లో పోలండుబిడ్డయైన పోపు రెండవ జాన్ పాల్ అచట ప్రార్థన సలిపెను. 1989లో ప్రభుత్వము మారిన తరువాతనే సేనాని గౌరవము స్వదేశమున బహిరంగముగ పునరుద్ధరింపబడెను.

2014లో వాటికచెంత ఆ సేనయొక్క స్మారక ప్రదర్శనశాల వెలసెను. లొరేతో, బొలోన్యా, కసమస్సీమలలో గూడ పోలిష్ సైనిక శ్మశానవాటికలున్నవి. పోరాడినవారు దాదాపు అందరును గతించిరి. ఇక నీ రాళ్లను కాపాడవలసినది వారిని చూడని తరమువారు. రాయిని కడుగుటకు ధనము చాలును. యాల్టాను, 1946ను మరుగుపరుపక చెప్పుటకు ధైర్యము వలయును. అధికారులు పూలమాలలనుంచు దినముననే యీ చరిత్ర నంతయు జెప్పవలెనని మా యభిప్రాయము.

దిగువ లోయలో కామన్‌వెల్తు శ్మశానవాటిక గలదు. దానిని పోషించు సంఘమునకు భారతప్రభుత్వమును సభ్యత్వము వహించి చందా నిచ్చుచున్నది. సమాధి తెలియని మన సైనికుల పేర్లు అచటి స్మారకఫలకములపై జెక్కబడినవి. స్వాతంత్ర్యము లేనివారు పరుల పతాకము క్రింద నితరుల స్వాతంత్ర్యమునకై మడిసిరి. వారికి మన సైన్యము పక్షమున కసీనోలో స్మారకము 2021 జులైలో నాటి సేనాధిపతి నరవణేచే నావిష్కృతమయ్యెను. అప్పటికి డెబ్బదియేడేండ్లు గడచినవి. కొండ వెనుక భారత ఇంజనీరుదళములును, న్యూజీలండువారును శత్రువుల కంటబడకుండ నొక బాట చెక్కిరి. మే నెలలో పోలిష్ టాంకులు ఆ బాటనే పైకెక్కినవి. ఆ బాటకు నేటికిని కావెండిష్ రోడ్డను ఆంగ్లనామమే నిలిచియున్నది.